తోకలేని విమానం, తప్పొప్పుల చీటీ

ముప్పై ఒక్కేళ్లుగా ఊళ్లోవాళ్ల పుస్తకాలకి అట్టలు కడుతున్న మనిషాయన. గ్రంథాలయం వెనకవైపు నాలుగు మెట్లు దిగితే ఒక పొడుగాటి గది, అందులో కిటికీ పక్కన ఆయన బల్ల. వీపులు ఊడినవీ, మూలలు నలిగినవీ, చెదలు రుచి చూసి వదిలేసినవీ పుస్తకాలు మూటల్లో వచ్చేవి. వాటిని విప్పి, కుట్టి, జిగురు రాసి, గట్టి అట్ట వేసి, వీపు మీద పుస్తకం పేరూ రాసినవాళ్ల పేరూ వేడి చేసిన ఇత్తడి అక్షరాలతో బంగారు రంగులో అద్ది పంపేవాడు. ఎదురుగా అందరూ బైండరుగారనే పిలిచేవారు. మనిషి సన్నం, తల మాత్రం గుండ్రం, అందుకని చాటున గుండుసూది అనేవారు. అది ఆయన చెవిన కూడా పడింది. "పోనీలెండి, దబ్బనం అనలేదు" అన్నాడట.

నిజానికి గుండుసూదికైనా ఓ మొన ఉంటుంది. ఈయనకి అదీ లేదు. నోట్లో నాలుక లేని మనిషి. జరిగింది చెబుతుంటే ఆ మోసం చేసినవాడి మీద ఎంత ఒళ్లు మండుతుందో, నోరు కుట్టేసుకుని కూర్చున్న ఈయన మీదా అంతే మండుతుంది.

ఆదివారం వస్తే ఆయనకి ఒకటే పని, కాగితంతో యుద్ధ విమానాలు కట్టడం. పిల్లలు మడిచి ఎగరేసే రకం అనుకునేరు, కాదు. వెనకటి మహాయుద్ధం చివర్లో గెలుస్తున్నవాళ్లూ ఓడుతున్నవాళ్లూ కూడా పోటీలు పడి, ముక్కున పంకా లేని జెట్ విమానాలు హడావిడిగా తయారుచేసి చూశారు. వాటిలో కొన్ని రెండు మూడుసార్లు ఎగిరి ఆగిపోయాయి. కొన్ని షెడ్డు గడప దాటనేలేదు. ఆయనకి అవే కావాలి. "యుద్ధంలో పేరు తెచ్చుకున్నవాటికి బోలెడు పుస్తకాలున్నాయి. వీటికెవరున్నారు?" అనేవాడు. ఒకదానికి రెక్కలు ముందుకి వంగి ఉండేవి. ఇంకోటి ఇంజన్ని వీపు మీద మోసుకు తిరిగేది. అలాంటివి పదకొండు, భార్య కుట్టుమిషను పైన ఉన్న చెక్కమీద వరసగా ఉండేవి. ఆవిడ దర్జీ. ముందుగదే ఆవిడ దుకాణం. కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్లు పైకి చూసి, "ఇవి కూడా మీరే కుట్టారా?" అని అడిగితే, "లేదండీ, అవి మా సవతులు" అనేది.

ఎక్కడా తయారు నమూనా దొరకదు కాబట్టి గీతలన్నీ ఆయనే గీసుకోవాలి. ఒక పాత ఫొటో, ఎవరో రాసిన నాలుగు కొలతలు, అంతే ఆధారం. గుండ్రటి విమానం ఒంటిని బల్లపరుపు కాగితం మీదికి విప్పి గీయడమంటే, కుట్టి ఉన్న చొక్కాని చూసి గుడ్డ ముక్కలు ఎలా కత్తిరించారో చెప్పడం లాంటిది. ముందు పాత క్యాలెండరు కాగితం మీద కట్టి చూసేవాడు. సరిగ్గా కుదిరాకే దళసరి కాగితం. కత్తెర ముట్టడు, బ్లేడే. కోసిన అంచున తెల్లటి గీత కనిపించకుండా రంగు పెన్సిలు రాసేవాడు. ముక్కు భాగాన్ని సన్నటి రేకుల్లా కోసి, లోపలివైపు, మడతలు నొక్కే ఎముక బద్దతో మెల్లగా రుద్ది వంచి, ఒక్కో రేకునీ ఊపిరి బిగబట్టి అతికించేవాడు. అప్పుడు ఇంట్లో ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే మాత్రం, ఆ నోట్లో లేని నాలుక ఎక్కడినుంచో వచ్చేది.

ఈ పనిలో ఆయనకి జంట ఒకడుండేవాడు. పక్కవీధిలో బోర్డులు రాసే పెయింటరు. చుట్టరికం ఏమీ లేదు, అయినా ఒకరినొకరు బావా అనుకునేవారు. బంగారు అక్షరాలు ఎలా అద్దుతారో చూద్దామని ఒకసారి బైండింగు గదికి వచ్చినవాడు, అక్కడే టీ తాగి, ఆదివారం ఇంటికొచ్చి, పద్దెనిమిదేళ్లపాటు వస్తూనే ఉన్నాడు. గీతలు, కోతలు, మడతలు బైండరువి. రంగులు పెయింటరువి. బూడిదాకుపచ్చ మచ్చలు, ఇంజను దగ్గర పొగ మసి, పైలటు ఎక్కి ఎక్కి అరిగిన అంచు, ఇవన్నీ కాగితం మీద కళ్లకి కట్టినట్టు వేసేవాడు. చేతిలో పనితనం ఉంది, అది కాదనకూడదు. మడత మాత్రం ఒక్కటీ పెట్టేవాడు కాదు. "నా వేళ్లకి అంత ఓపిక లేదు బావా" అనేవాడు. నోటికి మాత్రం ఓపిక ఎక్కువే. మాటలతో కోటలు కట్టేవాడు. ఆ కోటల్లో పెద్దది పుస్తకం.

"మన విమానాలన్నీ కలిపి పుస్తకం వేయిద్దాం బావా. కొన్నవాళ్లు పేజీ చింపుకుని కోసుకుని కట్టుకుంటారు. అట్ట మీద నీ పేరు పైన, నా పేరు కింద."

"తోకలేనిది తేలనీ బావా, అప్పుడు చూద్దాం" అనేవాడు బైండరు.

పైకి అలా అన్నాడు గానీ లోపల ఆశ లేకపోలేదు. ముప్పై ఏళ్లుగా ఎవరెవరి పేర్లో అద్దిన చేతులు. ఒక్కసారి, ఒకే ఒక్క పుస్తకం వీపు మీద, తన పేరు తను అద్దుకోవాలని ఆయనకి కోరిక. ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేనప్పుడు ఇత్తడి అక్షరాలు ఏరి, తన పేరు పేర్చి, వేడి చెయ్యకుండానే చూసుకుని, మళ్లీ ఏ అరలోది ఆ అరలో పెట్టేశాడు. ఈ సంగతి భార్యకి చెప్పాడు. పెయింటరుకీ చెప్పాడు. చెప్పకుండా ఉండాల్సింది.

ఇక తోకలేనిది. అది నిజంగానే తోకలేని విమానం. రెండే రెక్కలు, నడుమ రెండు ఇంజన్లు, వెనక ఏమీ లేదు. మూడుసార్లు ఎగిరింది, మూడోసారి కూలింది. బైండింగుకి వచ్చిన ఓ పాత పత్రికలో దాని ఫొటో దొరికింది, అరచేతంత. ముందునుంచి తీసింది. పక్కన పొడుగు కోటు వేసుకున్న మెకానిక్కు ఒకడు నవ్వుతూ నిలబడ్డాడు. విమానానికి ఎడమ బుగ్గ మీద, పైలటు కూర్చునే చోటుకి కాస్త కింద, ఒక ఉబ్బు. లోపల ఏదో యంత్రం ఇమడక పైకి పొడుచుకొచ్చింది కాబోలు. ఆ ఉబ్బే ఆయన ప్రాణం తీసింది. ఒకవైపు బుగ్గ ఉబ్బితే రెండోవైపు లెక్కలన్నీ మారతాయి. ఎనిమిదేళ్లు పట్టింది. రెండొందల పద్నాలుగు ముక్కలు. అన్నీ గీసి, ఒక ప్రతి ఇంట్లో ఉంచుకుని, రంగుల కోసం ఇంకో ప్రతీ, ఫొటో నకలూ పెయింటరుకి ఇచ్చాడు. మిగతా పదకొండింటి షీట్లు ఎలాగూ అతని దగ్గరే ఉన్నాయి.

ఆ తర్వాత వారమే భార్య చేతిలో ఆ ఫొటో పడింది. ఆవిడకి విమానాలు పట్టవు. మెకానిక్కు కోటు చూస్తోంది.

"ఏవండీ, ఈ మనిషి ఆడవాళ్ల కోటు వేసుకున్నాడేంటి?"

"ఆడవాళ్లదేంటి?"

"గుండీలు చూడండి. మగవాళ్ల కోటుకి గుండీలు కుడివైపు కుడతాం. ఎడమ అంచు వచ్చి దానిమీద పడుతుంది. ఇతనికి అటుది ఇటు ఉంది. ఛాతీ మీద జేబు కూడా కుడివైపే ఉంది. ఏ దర్జీ కుట్టాడో గానీ వాడికి కూలి దండగ."

బైండరు ఫొటో అందుకుని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి అద్దం ముందు పెట్టాడు. అద్దంలో మెకానిక్కు గుండీలు సరిగ్గా కుడివైపుకి వచ్చాయి. జేబు ఎడమవైపుకి వచ్చింది. వాటితోపాటు విమానం ఉబ్బూ ఎడమ బుగ్గ నుంచి కుడి బుగ్గకి వచ్చింది. పత్రికవాళ్లు ఫొటో తిరగేసి అచ్చేశారు. ఎనిమిదేళ్లు ఆయన అద్దంలో విమానాన్ని కట్టాడు.

ఇంకొకరైతే నెత్తీ నోరూ కొట్టుకునేవారు. ఆయన మంచం మీద కూర్చుని నవ్వాడు, ఆపకుండా నవ్వాడు. "నీ గుండీలు చల్లగుండా! ఎనిమిదేళ్లలో నేను మనిషిని చూడలేదే" అన్నాడు. మర్నాడే కొత్త గీతలు మొదలుపెట్టాడు. తిరగేసి గీస్తే సరిపోదా అంటారేమో, పోదు. రెక్కల కొలతలు వేరేచోట నుంచి తెచ్చినవి, అవి సరైనవే. బుగ్గ మారితే ఆ రెక్కలతో అతుకులన్నీ మళ్లీ కుదర్చాలి.

పెయింటరుకి చెప్పడానికి వెళ్లాడు. ఇక్కడే ఆయన పొరపాటు చేశాడు. ఏం తప్పు దొర్లిందో చెప్పలేదు. పూర్తిచేసి, ఎదురుగా పెట్టి, గుండీల కథ అప్పుడు చెప్పి బావని ఆశ్చర్యపరుద్దామనుకున్నాడు. "బావా, నీకిచ్చిన తోకలేనిది తప్పు. అవన్నీ చింపి పారెయ్. కొత్తది గీస్తున్నా" అన్నాడంతే.

"మళ్లీనా? నీకు వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆర్నెల్లు నిద్రపట్టదు కదా" అన్నాడు పెయింటరు నవ్వుతూ. "సరే బావా, పారేస్తాలే."

ఆ తర్వాత ఏడాదిన్నరలో పెయింటరు ఆదివారాలు పలచబడ్డాయి. ఒకసారి పెద్ద బోర్డు పనన్నాడు, ఒకసారి నడుం నొప్పన్నాడు. "అన్నయ్యగారు రావడం లేదేం?" అని భార్య అడిగితే, "పాపం, పనుల్లో ఉన్నాడు" అనేవాడు బైండరు. ఆ పాపం అన్న మాట తలచుకుని తర్వాత ఎన్నిసార్లు సిగ్గుపడ్డాడో.

కొత్త తోకలేనిది తేలింది. మూరెడు రెక్కలు, కుడి బుగ్గన ఉబ్బు, ఎక్కడా అతుకు కనబడదు. గ్రంథాలయం హాల్లో చేతిపనుల ప్రదర్శన పెడుతున్నారంటే, పాత చీర మడతల్లో చుట్టి తీసుకెళ్లాడు. కమిటీ పెద్దమనిషి కళ్లజోడు సవరించుకుని చూసి, పెదవి చప్పరించాడు.

"పనితనం బాగుంది గానీ, ఉబ్బు ఇటువైపు పెట్టారేంటండీ? ఎడమవైపు ఉండాలి."

"కాదండీ. కుడివైపే."

"పుస్తకంలో ఎడమవైపు ఉందే" అని బల్ల కింద నుంచి ఒక పుస్తకం తీశాడు.

అట్ట మీద తోకలేనిది, ముందునుంచి. పక్కన నవ్వుతున్న మెకానిక్కు. లోపల పన్నెండు విమానాలు. ప్రతి ముక్కా, ప్రతి అంకె, మడతచోట వేసే చుక్కల గీతతో సహా బైండరు చేతివే. తోకలేనిది మాత్రం ఆయన పారెయ్యమన్నది. అట్ట మీద ఒక్క పేరే ఉంది. పైన లేదు, కింద లేదు, నడిమధ్యలో పెద్ద అక్షరాలతో పెయింటరు పేరు.

బైండరు ఆ పుస్తకం ఒకసారి ఇమ్మని తీసుకున్నాడు. పెద్దమనిషి జాలిపడి, విమానాన్ని బల్ల చివర పెట్టించి, ముందు ఒక కాగితం నిలబెట్టాడు. దాని మీద "ఊహతో చేసినది" అని రాసి ఉంది.

అట్నుంచి అటే పెయింటరు షెడ్డుకి వెళ్లాడు. పెయింటరు నిచ్చెన మీద ఉన్నాడు. బైండరు చేతిలో పుస్తకం చూసి దిగాడు, తాపీగా. కుంచె గుడ్డతో తుడుచుకున్నాడు.

"కూర్చో బావా."

"నా పేరేదీ?"

"చూడు బావా, ఇన్నేళ్లు అడిగాను. తేలనీ తేలనీ అన్నావు. నీకు ఈ జన్మకి తేలదు. అచ్చువాళ్లు ఒక్క పేరు చాలన్నారు. నేనెళ్లాను, నేను తిరిగాను."

"తోకలేనిది పారేస్తానన్నావు కదా?"

"నువ్వే కదా తప్పు, పారెయ్ అన్నావు. నువ్వు వద్దని పారేసినదాన్ని నేను ఏరుకుంటే అది దొంగతనం ఎలా అవుతుంది?"

"మిగతా పదకొండో?"

పెయింటరు కుంచె మళ్లీ తుడిచాడు. "అయినా రంగుల్లేకపోతే నీ గీతలు ఎవడు చూస్తాడు బావా?" అన్నాడు చివరికి.

సొమ్మొకడిది సోకొకడిది అంటారే, ఆ మాట ఆ షెడ్డులో నిలబడి మొహాన అనాల్సింది. ఇంకోటి కూడా అనాల్సింది, "నువ్వు వేసింది అద్దంలో విమానంరా" అని. గుండీల కథ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు. ఆ కథ బావకి కానుకగా ఇద్దామని దాచుకున్నది. ఇప్పుడు ఇవ్వబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చి, మిషను పక్కన నేల మీద కూర్చుని ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం భార్య అదే చూడటం. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయి కదండీ" అంది ఆవిడ, ఆయన వీపు నిమురుతూ. ఆయనకి విమానాలు పోయినందుకు కాదు. పద్దెనిమిదేళ్ల ఆదివారాల్లో ఏ ఆదివారం నుంచి ఆ మనిషి మనసులో ఈ లెక్క మొదలైందో తెలియనందుకు. ఏ టీ దాకా స్నేహితుడు, ఏ టీ నుంచి దొంగ? అది ఎవరూ చెప్పలేరు.

నెల తిరక్కుండా బైండింగు గదికి ఒక మూట వచ్చింది. శాఖా గ్రంథాలయాలన్నిటికీ కలిపి నలభై ప్రతులు, పలచటి అట్టలు ఆగవు కాబట్టి గట్టివి వెయ్యాలని చీటీ. విప్పితే నలభై మంది మెకానిక్కులు ఒక్కసారి ఆయన్ని చూసి నవ్వారు.

వాటి వీపుల మీద పేరు అద్దాల్సింది ఆయనే. ఇంకో బైండరు లేడు.

చెడగొట్టొచ్చు. జిగురు పలచగా రాస్తే నాలుగు నెలల్లో ఊడుతుంది. ఆయనకి ఆ ఆలోచన కూడా రాలేదు, అదేం మనిషో. నలభయ్యీ గట్టిగా కుట్టాడు. ఇత్తడి అక్షరాలు వేడిచేసి పెయింటరు పేరు అద్దాడు, నలభై సార్లు, ఒక్క అక్షరం వంకర పోకుండా. తర్వాత కాగితం సన్నటి చీటీలుగా కోసి, అవే అక్షరాలకి సిరా పూసి, ఒక్కో చీటీ మీదా మూడు వరసలు అద్దాడు. బైండర్లకి అలవాటైన పనే. అచ్చులో తప్పులుంటే తప్పొప్పుల చీటీ వేసి, జిగురుతో లోపల అంటిస్తారు.

తోకలేని విమానం: ఉబ్బు ఎడమవైపు కాదు, కుడివైపు ఉండాలి.
ఈ తప్పు గీతలు గీసినవాడిది, రంగులు వేసినవాడిది కాదు.

మూడో వరసలో తన పేరు.

"తప్పు కింద ఎవరైనా పేరు వేసుకుంటారా?" అంది భార్య.

"తప్పు నాదే కదా" అన్నాడు. "నాదని చెప్పుకోవడానికి అదొక్కటే మిగిలింది."

ఆ చీటీలు చదివినవాళ్లు చదివారు. కొందరు అచ్చువాళ్లకి ఉత్తరాలు రాశారు. అది బైండరుకి తెలిసి, కొన్నాళ్లు మెట్లు కాస్త హుషారుగా దిగాడు. ఎవరైనా వచ్చి అడుగుతారని చూశాడు. ఎవరూ రాలేదు.

మరుసటేడు రెండో ముద్రణ వచ్చింది. మళ్లీ నలభై ప్రతులు. వాటితోపాటు ఒక ఆదేశం, పాత ప్రతులు రద్దు, వాటిని చించి కాగితం ముక్కలు అట్టల లోపలికి వాడుకోవచ్చని. మొదటి పేజీలో పెయింటరు నాలుగు మాటలు రాసుకున్నాడు. "మొదటి ముద్రణలో తోకలేని విమానం విషయంలో దొర్లిన పొరపాటును ఎంతో పరిశోధించి ఈ ముద్రణలో సవరించాను" అని. ముక్కల అంకెలు కొన్ని మార్చి, కుడి బుగ్గన ఉబ్బు పెట్టాడు. గీసినవాడి పేరు మళ్లీ లేదు. ఆయన తప్పు ఒకడు ఎత్తుకుపోయాడు సరే. ఆ తప్పుని ఒప్పుకుంటే, ఆ ఒప్పుకోలు కూడా ఎత్తుకుపోయాడు.

పాత ప్రతులు చించాల్సిందీ ఆయనే. తన పేరున్న నలభై చీటీలు ఒక్కొక్కటే లాగి, కాసేపు చేతిలో పట్టుకుని, చెత్తడబ్బాలో వేశాడు.

ఆ సాయంత్రం మెట్ల దగ్గర కమిటీ పెద్దమనిషి ఎదురయ్యాడు. "ఆఁ, బైండరుగారూ! కొత్త ముద్రణలో ఉబ్బు మీ వైపే ఉందండోయ్. పుస్తకం చూసి మీది సరిచేసుకోవాల్సిన అవసరం లేకుండా పోయింది. అదృష్టవంతులు, ఊహించి పెట్టినా కుదిరింది" అని భుజం తట్టి వెళ్లాడు. బైండరు ఆయనకి నమస్కారం పెట్టాడు.

కొత్తవాటిలో ఒక ప్రతి చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. భార్య మిషను ఆపి, పుస్తకం అందుకుంది. లోపల ఏముందో ఆవిడకి అక్కర్లేదు. అట్ట మీది బొమ్మ చూసింది. పెయింటరు విమానం బుగ్గన ఉబ్బు చెరిపి, రెండో బుగ్గన కొత్తగా వేశాడు. అంతవరకే చేశాడు.

"ఏవండీ, మెకానిక్కు కోటు అలాగే ఉంది."

"ఊఁ."

"గుండీలు అటే. జేబూ అటే."

"చూశాను."

"అంటే ఎందుకు తప్పో ఇప్పటికీ తెలీదన్నమాట ఆ మహానుభావుడికి." ఆవిడకి కోపంతో పాటు నవ్వు కూడా వచ్చింది. "ఎవడో ఒక దర్జీ ఈ అట్ట చూస్తే చాలు, పరువు పోతుంది. చీటీ అద్దుతారా రేపు?"

బైండరు పైన చెక్కమీది తోకలేనిదాన్ని చూశాడు. దుమ్ము పట్టకుండా భార్య దాని మీద చీరముక్క కప్పింది. దాన్ని తీసి, మళ్లీ కప్పాడు.

మర్నాడు పొద్దున్నే గదిలో దీపం వేసి, జిగురు కలిపి, నలభై ప్రతులూ గట్టిగా కుట్టాడు. అట్టలు వేశాడు. పెయింటరు పేరు వీపుల మీద అద్దాడు. అతను ఇంకా బావే అయ్యుంటే గుండీల సంగతి చెప్పేవాడే. ఈసారి చీటీ పెట్టలేదు.